ఆరు వేల భాగహారాలు

ఆ ప్రెస్సులో అంకెలు అచ్చువేసేవారు. ఎక్కాల పుస్తకాలు, వర్గమూలాల పట్టికలు, రైలు వేళలు, తూకాల మార్పిడి పట్టికలు. కథలూ కవితలూ ఆ మెట్లెక్కలేదు. అక్షరం తప్పు పడితే చదివేవాడు సర్దుకుంటాడు, అంకె తప్పు పడితే సర్దుకోవడానికి ఏమీ ఉండదు. ఈ మాట అక్కడి ప్రూఫ్ రీడర్ అనేవాడు. ముప్పై ఒక్క ఏళ్ళు అక్కడే పనిచేశాడు.

అందరూ ఆయన్ని శేషం అని పిలిచేవారు. అసలు పేరు వేరే. ఎవరు ఏ నంబరు చెప్పినా ఏడుతోనో పదమూడుతోనో భాగించి ఎంత మిగిలిందో చెప్పడం ఆయన అలవాటు. సైకిలు నంబరు, ఇంటి నంబరు, ఆస్పత్రిలో పడక నంబరు, ఏదైనా సరే. అచ్చు అక్షరాలు పేర్చే పెద్ద కంపోజిటర్ తన తల్లిని ఆస్పత్రిలో చేర్చి వచ్చిన రోజున కూడా అదే జరిగింది.

"నూట పద్నాలుగో పడక," అన్నాడు కంపోజిటర్.

"పదమూడుతో పది మిగిలింది."

"మా అమ్మ మిగులుతుందా లేదా చెప్పరా, శేషం," అన్నాడు కంపోజిటర్. ఆ పేరు అలా వచ్చింది. తల్లి బతికింది, పేరూ నిలిచిపోయింది. ఆ కంపోజిటర్‌ని ప్రెస్సంతా బాబాయ్ అనేది.

ప్రూఫ్ గది మెట్ల కింద ఉండేది. లోపల ఒక బల్ల, రెండు కుర్చీలు. ఒక కుర్చీలో కూర్చున్నవారు రాతప్రతిని పైకి చదవాలి. రెండో కుర్చీలో ఉన్నవారు ప్రూఫు పట్టుకుని సరిచూడాలి. మూడో మనిషి నిలబడే చోటు ఉండేది కాదు. రాతప్రతి చదివే కుర్చీలో ఎనిమిదేళ్ళు కూర్చున్న అమ్మాయినే శేషం పెళ్ళి చేసుకున్నాడు. "ప్రేమ కాదురా వాళ్ళది, స్థలాభావం," అన్నాడు బాబాయ్.

పెళ్ళయ్యాక ఆమె పని మానేసింది. మానెయ్యమని ఎవరూ చెప్పలేదు. మానొద్దని కూడా ఎవరూ అనలేదు.

ఆమె ఇంకా ఆ కుర్చీలో ఉన్నప్పుడే శేషం ఒక పద్ధతి కనిపెట్టాడు. అప్పుడు ప్రెస్సుకు ఒక పెద్ద పని వచ్చింది. లక్ష లోపు ఉన్న ప్రధాన సంఖ్యల పట్టిక. ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ భాగింపబడని సంఖ్యలు ప్రధాన సంఖ్యలు. లక్ష లోపు అవి తొమ్మిదిన్నర వేలకు పైనే. ఒక లెక్కల మాస్టారు అన్నిటినీ చేత్తో రాసి ఇచ్చి వెళ్ళాడు. అంత జాబితాను పైకి చదివి సరిచూడాలి. ప్రతి సంఖ్యనూ వేలూ వందలతో సహా చదువుతూ పోతే నెల పడుతుంది.

"తోక చదువు చాలు," అన్నాడు శేషం.

చివరి రెండు అంకెలు చదివితే చాలని ఆయన ఉద్దేశం. సంఖ్యలు వరుసగా పెరుగుతూ పోతాయి కాబట్టి తోక పెరుగుతున్నంతసేపూ తల మారదు. ఎనభై మూడు, తొంభై ఒకటి, తొంభై ఏడు. తోక ఒక్కసారి చిన్నదైతే తల మారిందని అర్థం. అప్పుడు మాత్రం తల వైపు చూస్తే సరిపోతుంది.

"మొత్తం చదవనా?" అని అడిగింది ఆమె.

"తోక చాలన్నానుగా."

నెల పని పదకొండు రోజుల్లో అయిపోయింది. యజమాని మెట్లు దిగి వచ్చి భుజం తట్టాడు. తోక చదువు ప్రెస్సు పద్ధతి అయింది. తరవాత చేరిన వాళ్ళందరికీ శేషమే నేర్పాడు. పుస్తకం అచ్చయింది. మాస్టారి పేరు అట్ట మీద, యజమాని పేరు లోపలి పేజీలో, ప్రెస్సు పేరు అట్ట వెనక వేశారు. ప్రూఫ్ రీడర్ పేరు ఎక్కడా వెయ్యరు. శేషం ఒక ప్రతి ఇంటికి తెచ్చుకున్నాడు.

తరవాత కొన్నేళ్ళకు ప్రెస్సులో రసీదుల మీద వరుస సంఖ్యలు వేసే నంబరింగు మిషను చెడిపోతే మెకానిక్‌ని పిలిచారు. దానికి పది చక్రాలు. ఒక్కో నొక్కుకు ఒక్కో అంకె ముందుకు జరగాలి. తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఎన్నిసార్లు నొక్కినా ఒకే సంఖ్య పడుతోంది: 383,75,54,771. మెకానిక్ దాన్ని ఇనుప సామాన్లలో పారేశాడు. సంఖ్య పడిన కాగితం నేల మీద ఉంటే శేషం తీసి జేబులో పెట్టుకున్నాడు.

మూడుతో భాగించాడు, రెండు మిగిలింది. ఏడుతో ఒకటి. పదకొండుతో ఆరు. పదమూడుతో పదకొండు. పదిహేడుతో పదహారు, ఒక్కటి తక్కువ. మధ్యాహ్నం భోజనం వేళ వర్గమూలం తీశాడు. 61948ని దానితోనే గుణిస్తే వచ్చేదానికి ఈ సంఖ్య సరిగ్గా అరవై ఏడు ఎక్కువ. అరవై ఏడు తక్కువై ఉంటే నిండు వర్గం. ఆ వెలితి ఆయనకు నచ్చింది.

పదిమందీ కాళ్ళతో తొక్కిన కాగితం మీద ప్రధాన సంఖ్య దొరికిందేమో అనుకున్నాడు.

దాన్ని తేల్చే దారి సూటిగానే ఉంది. ఒక సంఖ్య రెండు ముక్కలుగా విడిపోతే, చిన్న ముక్క దాని వర్గమూలాన్ని దాటదు. అంటే 61948 లోపు ఉన్న ప్రతి ప్రధాన సంఖ్యతోనూ భాగించి చూడాలి. దేనితోనూ సున్నా రాకపోతే అది విడిపోదు. అలాంటి భాజకాలు ఆరు వేల రెండు వందలకు పైగా ఉన్నాయి. వాటి జాబితా ఇంట్లోనే ఉంది. తాను ప్రూఫు చూసిన పుస్తకం. అంతకంటే నమ్మకమైన పుస్తకం లోకంలో ఉందని ఆయన అనుకోలేదు.

పొద్దున పనికి వెళ్ళేముందు ఒక భాగహారం. సెలవు రోజున మూడు. గీతల నోటుపుస్తకంలో ఎడమ పక్క భాజకం, మధ్యలో భాగఫలం, చివర శేషం. మధ్యాహ్నం ఆయన ప్రెస్సులో ఉండగా భార్య ఆ భాగఫలాన్ని భాజకంతో గుణించి, శేషం కలిపి, మళ్ళీ అదే సంఖ్య వస్తుందో లేదో చూసేది. వస్తే పక్కన పెన్సిలుతో టిక్కు పెట్టేది.

సాయంత్రం ఆయన చెప్పులు విప్పుతూ అడిగేవాడు.

"ఏమైంది?"

"సరిపోయింది."

పదమూడేళ్ళ పాటు ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మాటల్లో సగం ఇవే. పిల్లలు పుట్టలేదు. పక్కింటావిడ ఒకసారి గోడ మీదుగా అంది: "మీ ఇంట్లో ఏడాదికేడాదీ పెరిగేవి ఆ నోటుపుస్తకాలేనా, వదినా?" ఆమె బట్టలు ఆరేయడం ఆపలేదు. "అవైతే చదువు చెప్పించక్కర్లేదు, పెళ్ళిళ్ళు చెయ్యక్కర్లేదు," అంది. ఆ రోజు లోపలికి వచ్చి చేసిన గుణకారం రెండుసార్లు తప్పింది.

ఆమె కళ్ళు దెబ్బతిన్నాయి. అద్దాలు వచ్చాయి, మళ్ళీ అద్దాలు మారాయి. వాళ్ళ అక్క కూతురి పెళ్ళికి వరుసగా వచ్చిన మూడు సెలవు రోజులూ ఉండి రావాలనుకుంది.

"తొమ్మిది లెక్కలు వెనకబడతాయి," అన్నాడు శేషం.

"వచ్చాక చేస్తాను."

"ఒకేసారి తొమ్మిది చేస్తే తప్పులు పడతాయి."

ఒక్క రోజులో వెళ్ళి వచ్చేసింది.

చివరి భాగహారం ఒక సెలవు రోజున అయింది. చివరికీ సున్నా రాలేదు. ఆమె గుణించింది, టిక్కు పెట్టింది. ఆయన లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చాడు. నలభై ఒక్క నోటుపుస్తకాలు గోడ పక్కన దొంతరగా ఉన్నాయి.

"అయిపోయింది," అన్నాడు.

"అయితే రేపటి నుంచి పొద్దున్నే ఏం చేస్తారు?" అంది ఆమె.

ఆయన దొంతర అంచులు సర్దాడు.

మర్నాడు యజమానికి చెప్పాడు. ఆ ఏడాదే ప్రధాన సంఖ్యల పుస్తకాన్ని మళ్ళీ అచ్చువేయాలనుకుంటున్నారు. చేతి లెక్కల యంత్రాలు కొట్లలోకి వచ్చేశాయి. పట్టికల పుస్తకాలు కొనేవారు తగ్గిపోయారు. పుస్తకం మీద ఏదో ఒక ఆకర్షణ ఉండాలని యజమాని వెతుకుతున్నాడు. విన్నాడు. రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"యంత్రం లేకుండా? మీరొక్కరే?"

"ఒక్కణ్ణే," అన్నాడు శేషం.

"చివరి పేజీలో వేద్దామయ్యా. మీ పేరుతో."

ముప్పై ఏళ్ళుగా ఇతరుల పేర్లలో తప్పులు దిద్దిన మనిషి. తన పేరు సీసపు అచ్చు అక్షరాల్లో ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. ఆ సాయంత్రం ఆయన నేరుగా ఇంటికి రాలేదు. ఊరి చివర వంతెన దాకా నడిచి వెళ్ళి, తరవాత వచ్చాడు. అచ్చయ్యే వాక్యాన్ని భార్యకు చదివి వినిపించాడు: '383,75,54,771 ప్రధాన సంఖ్య. యంత్ర సహాయం లేకుండా పదమూడేళ్ళు భాగహారాలు చేసి నిర్ధారించినవారు మా ప్రూఫ్ రీడర్' అని, ఆ పక్కన ఇంటిపేరుతో సహా తన పేరు.

ఆమె చేతిలో పని పక్కన పెట్టింది.

"ఒక్క పేరేనా?"

"భాగించింది నేనే కదా."

"గుణించింది?"

"గుణించడం అంటే సరిచూడటం. సరిచూసినవాళ్ళ పేరు పుస్తకంలో వేస్తారా ఎక్కడైనా?"

అన్నాక ఆ మాట ఆయనకే వినిపించింది. కానీ వెనక్కి తీసుకోలేదు. ఆమె కూడా మళ్ళీ ఎత్తలేదు.

కొత్త ముద్రణకు పాత పుస్తకాన్నే రాతప్రతిగా పెట్టుకుని బాబాయ్ మళ్ళీ కంపోజు చేశాడు. మాస్టారి రాతప్రతి ఎప్పుడో చెదలు తినేసింది. మెట్ల కింద గదిలో రెండో కుర్చీ అప్పటికి ఏడాదిగా ఖాళీ. యజమాని కొత్త మనిషిని పెట్టలేదు. శేషం ప్రూఫుల కట్ట ఇంటికి తెచ్చాడు.

"నువ్వు పాత పుస్తకం చదువు. నేను ప్రూఫు పట్టుకుంటాను. పాత రోజుల్లా."

ఆమె కట్ట అందుకుంది. ముందుగా అడుగున ఉన్న ఆఖరి కాగితం లాగి చూసింది. చదివి, దాన్ని మళ్ళీ అడుగున పెట్టేసింది. అద్దాలు తుడుచుకుంది. పాత పుస్తకం తెరిచి మొదలుపెట్టింది.

ఆమె తోకలు చదవలేదు. ప్రతి సంఖ్యనూ మొదటి నుంచి చివరిదాకా చదివింది.

"తోక చాలు," అన్నాడు ఆయన.

ఆమె వినిపించుకోలేదు. రెండోసారి ఆయన అనలేదు. రోజుకు మూడు పేజీలు. ఆరో రోజు సాయంత్రం చలి గాలి వస్తుంటే తలుపు వేసుకుని పద్ధెనిమిదో పేజీ ముగించారు. ఏడో రోజు పంతొమ్మిదో పేజీ, మూడో నిలువు వరుస.

"నలభై నాలుగు వేల నాలుగు వందల ఎనభై మూడు."

"ఊఁ."

"నలభై నాలుగు వేల నాలుగు వందల తొంభై ఒకటి."

"ఊఁ."

"నలభై నాలుగు వేల మూడు వందల తొంభై ఏడు."

"ఊఁ."

ఆమె ఆగింది. తరవాతి సంఖ్య చదవలేదు.

"ఇదేంటి, మెట్టు దిగింది?" అంది.

శేషం ప్రూఫు కేసి చూశాడు. పాత పుస్తకంలో ఎలా ఉందో ప్రూఫులోనూ అలాగే ఉంది. 44491. దాని కింద 44397. దాని కింద 44501. తోకలు మాత్రం సరిగ్గానే ఉన్నాయి. తొంభై ఒకటి తరవాత తొంభై ఏడు. తోక పెరిగింది కాబట్టి తల చూడక్కర్లేదు.

44397. ఆ అంకెలన్నీ కలిపితే ఇరవై ఏడు. మూడుతో పోతుంది. ఎక్కాలు వచ్చిన పిల్లవాడు కూడా ఇది ప్రధాన సంఖ్య కాదని చెప్పేస్తాడు. మాస్టారు అలా రాసి ఉండడు. ఆయన 44497 అనే రాసి ఉంటాడు. ఒక నాలుగు బదులు మూడు పడింది. పాతికేళ్ళ కిందట ఆమె ఆ రాతప్రతిలో చూసి తొంభై ఏడు అని చదివింది. ఆయన ప్రూఫులో తొంభై ఏడు చూసి టిక్కు పెట్టాడు.

ఆయన లేచి గోడ దగ్గరికి వెళ్ళాడు. పదో ఏటి నోటుపుస్తకాలు దొంతర మధ్యలో ఉన్నాయి. పైవి దించి ఒక్కొక్కటే తిప్పాడు. దొరికింది. 44397. భాగఫలం 86437. శేషం 11282. పక్కన పెన్సిలు టిక్కు. లెక్కలో తప్పేమీ లేదు. భాజకమే తప్పు. అసలు భాజకం 44497ను ఆయన ఎప్పుడూ ముట్టుకోలేదు.

ఆరు వేల పైచిలుకు సంఖ్యల్లో ఒక్కటి తప్పిపోయింది. అదొక్కటి చూస్తే చాలు. దానితో కూడా ఏదో ఒకటి మిగలాలి, అంతే. ఆయన బల్ల దగ్గర కూర్చుని ప్రూఫు కాగితం వెనక వైపు భాగహారం మొదలుపెట్టాడు. ఆమె ఎదురుగా కదలకుండా కూర్చుంది. ఎనిమిది. ఆరు. రెండు. నాలుగు. చివరి అంకె వేసేముందు ఆయనకు తెలిసిపోయింది. అయినా వేశాడు. మూడు.

"సున్నా వచ్చిందా?" అంది ఆమె.

"వచ్చింది."

"మళ్ళీ చెయ్యండి."

"నువ్వు గుణించు."

ఆమె కాగితం తన వైపు తిప్పుకుంది. 44497, 86243. అంకె కింద అంకె, వరుస కింద వరుస, పదమూడేళ్ళు చేసినట్టే చేసింది. కూడింది. పెన్సిలు కింద పెట్టింది.

"సరిపోయింది," అంది.

వీధిలో ఎవరో బండి తోసుకుంటూ వెళ్ళారు. ఆ చప్పుడు మలుపు తిరిగి తగ్గిపోయింది.

"ఈసారి మొత్తం ఎందుకు చదివావు?" అన్నాడు.

"నా పేరు ఉందేమోనని ఆఖరి కాగితం చూశాను. లేదు. ఇక నాకేం తొందర?"

"ఉండి ఉంటే?"

"తోకలే చదివేదాన్ని."

మర్నాడు ఆయన పంతొమ్మిదో పేజీలో మూడు కొట్టేసి నాలుగు వేశాడు. ఆఖరి పేజీలో తన పేరున్న వాక్యం మీద ఎర్ర పెన్సిలుతో అడ్డంగా గీత గీసి, పక్కన 'తీసెయ్యాలి' అని రాశాడు. రెండు కాగితాలూ బాబాయ్ ముందు పెట్టాడు.

బాబాయ్ కళ్ళజోడు నుదుటి మీది నుంచి దించుకుని చూశాడు. విషయం విన్నాడు.

"ఆ మూడు నేనే పెట్టి ఉంటాను. టైపు పెట్టెలో నాలుగుల గడిలో ఒక మూడు పడి ఉంటుంది. చెయ్యి గడిలోకి వెళ్తుంది కానీ కన్ను వెళ్ళదు కదా."

"నేను చూడాల్సింది."

"అదే మరి. నేను చూడకుండా పెట్టాను. నువ్వు చూస్తూ వదిలేశావు. కంచే చేను మేసిందన్నమాట," అన్నాడు బాబాయ్. అని శేషం మొహం చూసి టైపు కేసు వైపు తిరిగాడు. "పోనీలేరా. అయ్యగారికి చెప్పు ముందు."

యజమాని ఎర్ర గీతను చాలాసేపు చూశాడు.

"ఎవరు చెప్పారు తప్పని?"

"నేనే."

"ఒప్పని చెప్పింది?"

"నేనే అండి."

"రెంటిలో ఏది నమ్మమంటారు?"

"ఇది నమ్మండి. రెండు సంఖ్యలు గుణిస్తే చాలు. ఇప్పుడే మీ ఎదుట చేసి చూపిస్తాను."

"వద్దొద్దు." యజమాని బల్ల కింద నుంచి ఒక అట్ట తీసి పైన పెట్టాడు. రెండు రంగుల అట్ట. కింది భాగంలో పసుపు పట్టీ మీద ఉంది: 'చివరి పేజీలో అద్భుత సంఖ్య!' "పదివేలు నిన్ననే వచ్చాయి. ఇవన్నీ చించి పొయ్యిలో పెట్టమంటారా?"

"తప్పు అచ్చువేయకూడదు కదండీ."

"మూడు వందల ఎనభై కోట్ల సంఖ్యను ఎవడు భాగిస్తాడయ్యా, మీరు తప్ప? చూసి, అబ్బో అనుకుని, పుస్తకం మూసేస్తాడు. మీ పేరు వస్తుంది. సంతోషించక ఈ గోలేమిటి?"

"నా పేరు తీసేసి వేసుకోండి."

"పేరు లేకపోతే నమ్మరు," అన్నాడు యజమాని. కలం మూత తీసి, ఎర్ర గీత పక్కన నీలం సిరాతో 'ఉంచాలి' అని రాసి, కింద సంతకం పెట్టాడు.

ముప్పై ఒక్క ఏళ్ళలో శేషం కొట్టేసినది అచ్చయిన సందర్భం లేదు. ఆయన గర్వం ఏదైనా ఉంటే అదొక్కటే. ఆ కాగితం ఆయన చేతుల మీదుగానే బాబాయ్ దగ్గరికి వెళ్ళింది.

పంతొమ్మిదో పేజీలో మాత్రం మూడు తీసి నాలుగు పెట్టారు. దానికి యజమాని అభ్యంతరం చెప్పలేదు. అట్ట మీద దాని ఊసు లేదు.

అలా ఆ పుస్తకం వచ్చింది. చివరి పేజీలో విడిపోదని చెప్పిన సంఖ్యను విడగొట్టే సంఖ్య అదే పుస్తకం పంతొమ్మిదో పేజీలో ఉంది. పుస్తకాన్ని నమ్మి వరుసగా భాగిస్తూ పోయే మనిషి ఎవరైనా ఒకనాటికి అక్కడికి చేరతాడు. సున్నా చూస్తాడు. చూసి ప్రెస్సుకు ఉత్తరం రాస్తాడు.

శేషం ఆ ఉత్తరం కోసం ఎదురుచూశాడు. రైలు వేళల పుస్తకంలో ఒక నిమిషం తేడా వస్తే పది ఉత్తరాలు వచ్చే ప్రెస్సు అది. తపాలా రాగానే మెట్ల కింద నుంచి బయటికి వచ్చేవాడు.

"ఎవరి కోసంరా, కొత్తల్లుడి కోసమా?" అనేవాడు బాబాయ్.

వర్షాలు వచ్చి వెళ్ళాయి. బడులు తెరిచారు, మూశారు. పుస్తకాలు సగం అమ్ముడయ్యాయి. ఒక్క ఉత్తరం రాలేదు. ఎవరూ భాగించలేదు. పక్కింటావిడ చివరి పేజీలో పేరు చూసి, "మీవారు ఇంత గొప్పవారని తెలీదు వదినా," అంది. ఈసారి భార్య ఆరిన బట్టలు తీసుకుని లోపలికి వెళ్ళింది.

"నువ్వు రాయి," అన్నాడు ఆయన ఒక రోజు.

"ఏం రాయాలి?"

"ఉన్నది."

"ఎవరి పేరుతో?"

"నీ పేరుతోనే రాయి. బయటివాళ్ళు రాసింది చూస్తే అయ్యగారు వింటారేమో."

ఆమె రెండు మధ్యాహ్నాలు కూర్చుని ఒక పేజీ రాసింది. తన పేరు, ఇంటి చిరునామా స్పష్టంగా పెట్టింది. ఆయనకు చూపించలేదు. తానే వెళ్ళి డబ్బాలో వేసి వచ్చింది.

మూడో రోజు యజమాని ఆయన్ని పిలిచాడు.

"ఎవరో ఆవిడ రాసిందయ్యా, మీ సంఖ్య గురించి." ఉత్తరం చేతికిచ్చాడు. ఆమె ఆ ప్రెస్సులో ఎనిమిదేళ్ళు పనిచేసింది. ఎనిమిదేళ్ళూ హాజరు పట్టీలో ఆమె పేరు ఉండేది. యజమాని ఆ పేరు చదివి కూడా గుర్తుపట్టలేదు. "పని లేనట్టుంది పాపం. లెక్కలు మీకు తెలిసినట్టు ఇక్కడెవరికి తెలుసు? ఏదో ఒక జవాబు రాసి తెండి, సంతకం పెడతాను."

శేషం మెట్ల కింద కూర్చుని ఉత్తరం చదివాడు. రెండు సంఖ్యలూ, వాటి గుణకారమూ వరుస తప్పకుండా ఉన్నాయి. కింద మూడు వాక్యాలు రాసింది: 'ఈ తప్పుకు కారణం పట్టికలో పడిన ఒక్క అంకె కాదు. మీ ప్రూఫ్ రీడర్ తలలు చూడకుండా తోకలు చూసే పద్ధతి పెట్టారు. మొత్తం చదువుతానని ఒకరు ఆనాడే అడిగారు.'

అలవాటుగా ఎర్ర పెన్సిలు చేతిలోకి తీసుకున్నాడు. దిద్దడానికి ఏమీ లేదు.

ప్రెస్సు పేరున్న కాగితం మీద జవాబు రాశాడు. నాలుగుసార్లు మొదలుపెట్టాడు. చివరికి ఎప్పుడూ రాసేదే రాశాడు: 'మీ లేఖ అందినది. మీ శ్రద్ధకు కృతజ్ఞతలు. విషయాన్ని పరిశీలించి మలి ముద్రణలో తగు విధంగా సవరించగలము.' యజమాని చదవకుండా సంతకం పెట్టాడు. కవరు మీద ఆమె పేరు, తన ఇంటి చిరునామా రాసి తపాలాలో వేయించాడు.

రెండు రోజులకు అది ఇంటికి వచ్చింది. ఆయన సాయంత్రం వచ్చేసరికి ఆమె దాన్ని బల్ల మీద విప్పి పెట్టుకుని ఉంది.

"మీరే రాశారా?"

"నేనే."

"పరిశీలించి, అన్నారు. పరిశీలించడానికి ఇంకేముంది?"

"అలాగే రాస్తారు."

"మలి ముద్రణ ఎప్పుడు?"

ఆయన చెప్పులు విప్పి గోడ పక్కన పెట్టాడు.

"లేదు," అన్నాడు. "ఈ పుస్తకం ఇక వెయ్యరు. పట్టికల టైపు మొత్తం కరిగించడానికి ఇచ్చేశారు."

ఆమె కాగితాన్ని పాత మడతల మీదే మళ్ళీ మడిచింది. అద్దాలు తీసి పక్కన పెట్టి, రెండు చేతులతో కళ్ళు నొక్కుకుంది. తరవాత లేచి పొయ్యి మీద గిన్నె దించడానికి లోపలికి వెళ్ళింది.